గుండీ తిరిగిన వైపు

శనివారం సాయంత్రం ఆరు గంటల నలభై రెండు నిమిషాలకు, మున్సిపల్ హాలు స్టేజీ మీద ఉన్న పన్నెండు మంది పిల్లల్లో పదకొండు మంది తమ కుడివైపుకు తిరిగారు. ఒక్క పిల్ల ఎడమవైపుకు తిరిగింది.

ఆ పిల్లకు ఆరేళ్లు. అందరూ గుండీ అంటారు. రెండేళ్లప్పుడు తండ్రి చొక్కా గుండీ ముక్కులో దోపుకుని, ఆసుపత్రికెళ్లి తీయించుకుని, ఆ పేరుతో ఇంటికొచ్చింది. స్టేజీ ఎక్కడం ఇదే మొదటిసారి. తండ్రి నాలుగో వరుసలో, నడవ పక్క కుర్చీలో కూర్చున్నాడు. రబ్బరు స్టాంపులు, ఇత్తడి సీళ్లు చెక్కడం అతని పని. పక్కన భార్య, ఆమెకు అవతల అత్తగారు.

డాన్సు పేరు 'వాన'. పిల్లలు నీలం గౌన్లు వేసుకుని ఒకే వరుసలో నిలబడ్డారు. గౌన్ల మీద వెండి కాగితంతో చేసిన చినుకులు కుట్టారు. పాటలో మొదటి ఉరుము ఉరమగానే అందరూ కుడివైపు తిరిగి, మూడడుగులు వేసి, చేతులు చాచి, మళ్లీ తమ చోటికి రావాలి.

గుండీ ఎడమకు తిరిగేసరికి పక్కపిల్ల మొహం ఎదురొచ్చింది. పక్కపిల్ల బేకరీ ఆయన కూతురు. మూడడుగులు వెయ్యాల్సింది రెండు వేసి ఆగిపోయింది. గుండీ ఆగలేదు. ఒక జానెడు పక్కకు జరిగి మూడో అడుగు వేసి, చేతులు చాచి, వెనక్కి వచ్చి తన చోట నిలబడింది.

హాల్లో నవ్వు లేచింది.

అత్తగారి నోటికి ఇల్లయినా హాలయినా ఒకటే. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అంది పైకే.

ముందు వరుసలో ఒకావిడ వెనక్కి తిరిగింది. "ఆ పాప మీ తాలూకేనా?"

"మా మనవరాలేనమ్మా. మాకు వెతుక్కునే పని కూడా పెట్టలేదు. విడిగానే కనబడుతోంది."

"అమ్మా, కాస్త ఊరుకో," అంది భార్య. తరవాత భర్త వైపు వంగి, "తికమక పడింది పాపం. మొదటిసారి కదా, సర్దుకుంటుంది," అంది.

అతనూ అదే అనుకున్నాడు. కాసేపటికి పిల్లలు రెండోసారి తిరిగారు, ఈసారి ఎడమకు. గుండీ కుడికి తిరిగింది. లెక్క తప్పకుండా తిరిగింది. మూడడుగులు వేసింది, చేతులు చాచింది, వెనక్కి వచ్చింది. మూడోసారి పదకొండు మంది కుడి కాలు ఎత్తారు. గుండీ ఎడమ కాలు ఎత్తింది.

అతని వీపు కుర్చీకి ఆనింది. కొట్టుకు వచ్చేవాళ్లకు అతను చెప్పే మాట ఒకటుంది: కాగితం మీద ఒకసారి తప్పు పడితే అది కొట్టినవాడి తప్పు, కొట్టిన ప్రతిసారీ అదే తప్పు పడితే అది అచ్చు తప్పు. ఈ అచ్చు చెక్కింది అతనే.

మూడు వారాల కిందట గుండీకి గవదబిళ్లలు వచ్చాయి. రెండు వారాలు పిల్లల్లో కలవనివ్వద్దని డాక్టరు చెప్పాడు. డాన్సు తరగతులు మంగళవారం, శుక్రవారం. అంటే నాలుగు తరగతులు పోతాయి. 'వాన' మొత్తం నేర్పేది ఆ నాలుగు తరగతుల్లోనే.

టీచర్ ఫోన్లో మెత్తగానే చెప్పింది. "వచ్చే ఏడాది చూద్దాం సార్. రాని పిల్లని స్టేజీ ఎక్కిస్తే ఆ పిల్లకే ఇబ్బంది."

ఆ మాట విని గుండీ ఏడవలేదు. దవడల చుట్టూ కట్టిన గుడ్డ సర్దుకుని, "మరి నా గౌను ఎవరికిస్తారు?" అని అడిగింది. కుట్టించిన గౌను అప్పటికే తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది.

తండ్రి వసారాలోకి వెళ్లి టీచర్‌కు మళ్లీ ఫోన్ చేశాడు. "నేనొచ్చి చూసి నేర్చుకుంటాను మేడమ్. ఇంట్లో నేను నేర్పుతాను."

"మీరా?"

"నేనే."

"మీకు డాన్సొచ్చా సార్?"

"రాదండీ. చూసింది చూసినట్టు గీయడం వచ్చు."

చూసింది చూసినట్టు గీయడం అతనికి రాదు. ఆ సంగతి అతనికే తెలియదు.

నాలుగు తరగతులకూ కొట్టు షట్టరు సగం దించి వెళ్లాడు. డాన్సు స్కూలు కుట్టుమిషన్లు బాగుచేసే షాపు పైన ఉంటుంది. ఒక గోడ నిండా అద్దం. పిల్లలు అద్దం వైపు తిరిగి నిలబడతారు. వాళ్ల ముందు టీచర్ నిలబడుతుంది, ఆవిడా అద్దం వైపే. పిల్లల వెనక, ఇటు గోడకు, ఒక బెంచీ వేసి ఉంటుంది. బెంచీ మీద తల్లులు కూర్చుంటారు. వాళ్ల చివర ఇతనొక్కడు, ఒళ్లో అట్ట, అట్ట మీద కాగితం, చెవి మీద పెన్సిలు.

మొదటి రోజు తల్లులు తమలో తాము నవ్వుకున్నారు. రెండో రోజు ఒకావిడ కాగితంలోకి తొంగి చూసి, "అన్నయ్యగారూ, భలే గీశారే! మా దానికీ ఒక కాపీ ఇద్దురూ," అంది. "ముందు మాది పూర్తి కానివ్వమ్మా," అన్నాడు అతను. ఆ తరవాత మరిచిపోయాడు. ఇచ్చి ఉంటే శనివారం నాడు ఎడమకు తిరిగేవాళ్లు ఇద్దరయ్యేవారు.

మొత్తం ముప్ఫై రెండు బొమ్మలు గీశాడు. తలకు సున్నా, ఒంటికి గీత, చేతులకు రెండు, కాళ్లకు రెండు. ఏ కాలు ఎత్తాలి, ఏ చెయ్యి చాచాలి, ఎటు తిరగాలి, అన్నీ బొమ్మలోనే ఉన్నాయి. ఒక్కో లెక్కకు ఒక్కో బొమ్మ, బొమ్మ కింద లెక్క అంకె ఉంది.

స్టాంపు చెక్కేవాడు అక్షరాన్ని తిరగేసి చెక్కాలి. రబ్బరు మీద ఎడమనున్నది కాగితం మీద కుడికి పడుతుంది. అతనికి పని నేర్పింది పెదనాన్న. "కన్ను చూసింది కంటి దగ్గరే ఉంచరా. చెయ్యి దాన్ని తిప్పి దించాలి," అని మొదటి ఏడాదంతా వెనక నిలబడి చెప్పేవాడు. ఆ ఏడాది అతను ఆలోచించి తిప్పేవాడు. ఇప్పటికి ఇరవై రెండేళ్లయింది. ఆలోచన పోయింది, తిప్పడం మిగిలింది. బెంచీ మీద కూర్చుని, పిల్లల వీపులు చూస్తూ గీసిన ముప్ఫై రెండు బొమ్మల్నీ అతని చెయ్యి అలాగే తిప్పి దించింది. కుడి కాలు ఎడమ కాలయింది. ఎడమ చెయ్యి కుడి చెయ్యయింది.

జ్వరం తగ్గిన రోజున, అప్పటిదాకా గీసిన బొమ్మల్ని వరసగా పడగ్గది గోడకు అంటించాడు. మిగతావి గీసినవి గీసినట్టు చేర్చాడు. గుండీ గోడ చూసి ఒక్కో బొమ్మా చేసేది. అతను పక్కన నిలబడి తనూ చేసేవాడు. అత్తగారు మంచం మీద కూర్చుని చూసేది.

"అల్లుడుగారూ, ఆ చేతులు ఊపడం చూస్తే గోడకి సున్నం వేస్తున్నట్టుంది."

"మీరు చూడాల్సింది నన్ను కాదత్తయ్యా, దాన్ని."

"దాన్ని చూద్దామంటే మధ్యలో మీరు అడ్డమొస్తున్నారు మరి."

పన్నెండు రోజులు ఇలాగే జరిగింది. చివరి మూడు రోజులూ గుండీ గోడ చూడకుండా చేసింది. పళ్లు తోముకుంటూ చేసింది. బస్సు కోసం నిలబడి చేసింది.

ఆఖరి వారం మంగళవారం తరగతి లేదు. దిద్దుకోవడానికి రెండు అవకాశాలు వచ్చాయి. రెండూ చేజారాయి. గురువారం టీచర్ గుండీని తన ఆఫీసు గదిలోకి పిలిచి, మొదటి నుంచి చివరిదాకా చేయించి చూసింది. ఆ గదిలో అద్దం లేదు. టీచర్ కుర్చీలో కూర్చుంది, గుండీ ఆవిడకు ఎదురుగా నిలబడి చేసింది. పదిహేనేళ్లుగా ఆవిడ పిల్లల్ని చూస్తున్నది అద్దంలో. సరిగ్గా చేసే పిల్ల అద్దంలో ఎలా కనబడుతుందో, తిరగేసి చేసే గుండీ ఎదురుగా అలాగే కనబడింది. ఆవిడ కంటికి తేడా తగల్లేదు.

"ఒక్కటీ తప్పలేదు సార్. ఎలా నేర్పారు?" అంది.

అతను ఈ మాట భార్యకు రెండుసార్లు, అత్తగారికి ఒకసారి, సీలు కోసం వచ్చిన నోటరీ గుమాస్తాకు ఒకసారి చెప్పాడు.

శుక్రవారం హాల్లో రిహార్సల్ అన్నారు. ఇరవై నిమిషాలే దొరికాయి. వరసగా స్టేజీ ఎక్కడం, తోసుకోకుండా దిగడం నేర్పేసరికి ఆ ఇరవై నిమిషాలూ అయిపోయాయి.

శనివారం స్టేజీ మీద డాన్సు ఇంకా నిమిషంన్నర మిగిలి ఉంది.

హాల్లో మూడు వందల మంది ఉన్నారు. తప్పు చేస్తున్న పిల్లను వాళ్లందరూ చూస్తున్నారు. అతను గోడ మీది బొమ్మలతో సరిచూస్తున్నాడు. తొమ్మిదో బొమ్మ, తల మీదుగా చెయ్యి. సరిపోయింది. పదమూడు, మడమ మీద తిరగడం. సరిపోయింది. పదిహేడు దగ్గర వరుస చివరి పిల్లలిద్దరు మరిచిపోయి పక్కవాళ్ల వైపు చూశారు. పంతొమ్మిది దగ్గర ఒక పిల్ల వంగి గౌను నుంచి ఊడిన చినుకు ఏరుకుంది. గుండీ ఎవరి వైపూ చూడలేదు. పదకొండు మంది అటు వెళ్తుంటే ఇటు వెళ్లింది, వాళ్లు ఇటు వస్తుంటే అటు వెళ్లింది. ఇరవై మూడోది గెంతు. ఇంట్లో ఆ గెంతు ఎప్పుడూ ఒక లెక్క ఆలస్యంగా పడేది. ఇక్కడ లెక్క మీద పడింది.

భార్య అతని మణికట్టు పట్టుకుంది. ఆమె ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం చేస్తుంది. ఎవరి చెయ్యి పట్టుకున్నా వేళ్లు నాడి మీదికే వెళ్తాయి.

"ఏంటండీ, నూట ఇరవై కొట్టుకుంటోంది! ఒంట్లో బాగానే ఉందా?"

"అది తప్పు చెయ్యట్లేదు."

"కళ్లు కనబడుతున్నాయా మీకు?"

"బొమ్మలు నేను తిరగేసి గీశాను."

భార్య స్టేజీ వైపు చూసింది, మళ్లీ అతని వైపు చూసింది. "అన్నీనా?"

"అన్నీ. చూడు, ఒక్కటైనా వదిలిందేమో చూడు. నేను ఎలా గీశానో అలా చేస్తోంది."

ముప్ఫై రెండోది మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ పైకెత్తడం. దానికి కుడి ఎడమలు లేవు. పన్నెండు మందీ ఒకేలా ముగించారు. ఆరు గంటల నలభై నాలుగు నిమిషాలకు తెర పడింది.

ముప్ఫై రెండింటికి ముప్ఫై రెండు. అతను లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆ వరుసలో లేచింది అతనొక్కడే.

"కూర్చోండి బాబూ, వెనకవాళ్లు తిట్టుకుంటారు," అంది అత్తగారు. అతను కూర్చోలేదు. ఆవిడ అటూ ఇటూ చూసి, చేతిసంచీ కుర్చీ మీద పెట్టి, తనూ లేచి నిలబడింది. "నలుగురితో పాటు నవ్వులపాలు," అంటూ చప్పట్లు కొట్టింది.

ఏడుంబావుకు విరామం ఇచ్చారు. ఇరవై నిమిషాలు. విరామం తరవాత అన్ని తరగతుల పిల్లలూ వరసగా వచ్చి తమ డాన్సుల్లో మొదటి పదహారు లెక్కలు మళ్లీ చేస్తారని, దాంతో కార్యక్రమం ముగుస్తుందని మైకులో చెప్పారు. అతను, భార్య స్టేజీ పక్క తలుపు తోసుకుని లోపలి నడవలోకి వెళ్లారు.

నడవలో బేకరీ ఆయన కూతురి ముందు గొంతుక్కూర్చుని ముక్కు తుడుస్తున్నాడు. ఆ పిల్ల వెక్కుతోంది.

"రండి స్టాంపులాయనా, రండి. మీ అమ్మాయి ఎదురొచ్చేసరికి మాది హడలిపోయింది. రెండే అడుగులు వేశానని ఇందాకట్నుంచి ఒకటే ఏడుపు."

టీచర్ చేతిలో పిల్లల జాబితాతో వచ్చింది. జాబితాలో గుండీ పేరు చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి ఉంది.

"సార్, ఏమీ అనుకోకండి. చివరి ఐటంలో గుండీని కూర్చోబెడదాం. మళ్లీ ఎదురుబొదురైతే పిల్లలు బెదిరిపోతారు. జబ్బు పడి లేచిన పిల్ల, తొందరపెట్టడం నాదే తప్పు."

"తప్పు మీది కాదు, దానిదీ కాదు మేడమ్. నాది."

"అయ్యో, అలా ఎందుకనుకుంటారు సార్..."

"మర్యాదకి అనట్లేదండీ. చూపిస్తాను." అతను చెవి మీది పెన్సిలు తీశాడు. జాబితా అడిగి తీసుకుని వెనక్కి తిప్పాడు. బేకరీ అమ్మాయితో, "అమ్మా, అటు తిరిగి నిలబడి ఒక్కసారి కుడి చెయ్యెత్తు," అన్నాడు. ఆ పిల్ల వెక్కుతూనే వీపు ఇటు పెట్టి కుడి చెయ్యెత్తింది. అతను ఆ పిల్లనే చూస్తూ బొమ్మ గీసి టీచర్‌కు ఇచ్చాడు.

బొమ్మ ఎడమ చెయ్యి ఎత్తి ఉంది.

టీచర్ బొమ్మను, పిల్లను, బొమ్మను చూసింది. "ఇదేంటి సార్?"

"స్టాంపు పని. నాకూ ఇందాకే తెలిసింది."

బేకరీ ఆయన లేచి నిలబడి బొమ్మలోకి చూశాడు. "నాయనోయ్! మీరు గానీ మా షాపుకొచ్చి కేకు మీద పేరు మాత్రం రాయకండి."

టీచర్ నవ్వలేదు. "గురువారం నేను చూశాను కదా. నా కళ్లేమయ్యాయి?" అంది. తన కుడి చెయ్యి సగం ఎత్తి, ఎదురుగా గాలిలోకి చూసి, దించింది. "అద్దంలో చూసినట్టే చూశాను. సరిపోయింది. ఇద్దరం కలిసి పిల్లని ముంచాం." జాబితా మడిచింది. "కానీ సార్, ఆరేళ్ల పిల్ల. పావుగంటలో అంతా తిప్పుకోవాలి. దానికి సంగతి చెప్పి మీరే అడగండి. చేస్తానంటే చేయనిస్తాను. ఏడిస్తే మాత్రం కూర్చోబెడతాను."

గుండీ నడవ చివరి గదిలో, బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుని నీళ్లు తాగుతోంది. కాళ్లు నేలకు అందలేదు. తండ్రిని చూసి సీసా పక్కన పెట్టింది.

"నాన్నా, చూశావా?"

"చూశాను."

"ఒక్కటి కూడా మర్చిపోలేదు."

"మర్చిపోలేదు. నేను లెక్కపెట్టాను. ముప్ఫై రెండు."

"గెంతు కూడా వచ్చింది."

"గెంతు కూడా వచ్చింది."

గుండీ దగ్గరికి రమ్మని వేలితో పిలిచింది. అతను వంగాడు. చెవి దగ్గర నోరు పెట్టి, "వాళ్లందరూ తప్పు తిరిగారు. టీచర్‌కి చెప్పకేం. తిడుతుంది పాపం," అంది.

అతను సీసాకు మూత బిగించి, అడిగాడు. "అందరూ అటు తిరుగుతుంటే నీకు భయం వెయ్యలేదా?"

"ఎందుకూ? నువ్వు గీశావుగా."

అతను మోకాళ్ల మీద కూర్చున్నాడు. భార్య గుమ్మంలోనే నిలబడింది.

"గుండీ, వాళ్లు సరిగ్గానే తిరిగారు. నేనే బొమ్మలు తిరగేసి గీశాను."

"అన్నీనా?"

"అన్నీ."

"స్టాంపులాగానా?"

"స్టాంపులాగే."

గుండీ తన రెండు చేతులూ ముందుకు చాచి చూసుకుంది. "మరైతే నేను తప్పు చేశానా?"

"లేదు. నువ్వు నేను గీసినట్టే చేశావు. అంత బాగా ఎవరూ చెయ్యలేదు. తప్పు నేను చేశాను."

"టీచర్ నిన్ను తిట్టిందా?"

"ఇంకా లేదు."

"తిడితే సారీ చెప్పెయ్. ఎదురు మాట్లాడకు."

"అలాగే." అతను గౌను మీద విడిపోయిన దారం తుంచాడు. "ఇప్పుడు ఇంకోసారి స్టేజీ ఎక్కాలి. మొదటి పదహారే. ఈసారి వాళ్లు తిరిగే వైపు తిరగాలి. చేస్తావా, కూర్చుంటావా? కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు."

"కూర్చోడానికొచ్చానా ఇంత దూరం?" అంది గుండీ. గొంతు పిల్లది, మాట అమ్మమ్మది.

అతని చెయ్యి చెవి మీదికి వెళ్లింది. భార్య గది దాటి వచ్చి అరచెయ్యి చాచింది.

"ఆ పెన్సిలు ఇలా ఇవ్వండి."

ఇచ్చేశాడు.

టీచర్ నడవలో బేకరీ అమ్మాయిని ముందు నిలబెట్టి, గుండీని ఆ పిల్ల వెనక నిలబెట్టింది. పక్కన నిలబడి లెక్క చెప్పింది. అతనూ పక్కకు వచ్చి కాలు ఎత్తబోతే, "మీరొద్దు సార్. మీరలా మెట్ల మీద కూర్చోండి," అంది. అతను వెళ్లి మెట్ల మీద, బేకరీ ఆయన పక్కన కూర్చున్నాడు.

మొదటిసారి పదహారింటిలో తొమ్మిది తప్పాయి. బేకరీ అమ్మాయికి ఏడేళ్లు. ఏడుపు ఎప్పుడు ఆగిందో ఎవరూ చూడలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని వెనక్కి తిరిగింది.

"అటు కాదు. ఇటు. నా గౌను ఎటు ఊగితే నీ గౌను అటు ఊగాలి."

"తెలుసులే."

"తెలిస్తే చెయ్."

"మా దానికి ఇంత నోరుందని నాకు తెలీదండీ," అన్నాడు బేకరీ ఆయన మెల్లగా.

రెండోసారి అయిదు తప్పాయి. గుండీ ప్రతి తప్పు దగ్గరా ఆగి, తప్పు పడిన కాలును చేత్తో కొట్టి, మళ్లీ మొదలుపెట్టింది. మూడోసారి ఏడో లెక్క దగ్గరుండగా గంట మోగింది. పిల్లల్ని వరసలోకి రమ్మన్నారు. టీచర్ గుండీ వైపు చూసింది. గుండీ ఏడవలేదు. పెన్నుతో సున్నా చుట్టిన పేరును టీచర్ కొట్టెయ్యలేదు. జాబితా మడిచి చంకలో పెట్టుకుని, పిల్లల్ని నడిపించుకుని వెళ్లింది.

అతను, భార్య నాలుగో వరుసకు తిరిగి వచ్చారు.

"ఏమంది?" అంది అత్తగారు.

"చేస్తానంది."

"అంటుంది. దాని పొగరు నాకు తెలీదూ?" ఆవిడ చేతిసంచీ ఒళ్లోకి లాక్కుని రెండు చేతులతో పట్టుకుంది.

అతను కార్యక్రమం కాగితం మోకాలి మీద పరిచాడు. "పెన్సిలు ఒకసారి ఇవ్వవూ?"

"అంకెలు మాత్రం వేసుకోండి. బొమ్మ గీశారో ఊరుకోను."

అంచున ఒకటి నుంచి పదహారు దాకా అంకెలు వేసుకున్నాడు.

ఏడు గంటల నలభై ఒక్క నిమిషానికి 'వాన' పిల్లలు మళ్లీ స్టేజీ మీదికి వచ్చారు. గుండీ అంతకుముందు నిలబడిన చోటే నిలబడింది. ఎడమ పక్కన బేకరీ అమ్మాయి. ఉరుము ఉరిమింది. పిల్లలు కుడివైపు తిరిగారు. గుండీ వాళ్లతో తిరిగింది. బేకరీ అమ్మాయి మూడడుగులూ వేసింది.

అతను ఒకటి పక్కన టిక్కు పెట్టాడు.

"ఇప్పుడేది మా అమ్మాయో చెప్పుకోండి చూద్దాం," అంది అత్తగారు, ముందు వరుస ఆవిడ భుజం తట్టి.

రెండు. మూడు. నాలుగు దగ్గర అతని పెన్సిలు ఆగింది, కదిలింది. అయిదు. ఆరు. గుండీ పెదవులు కదులుతున్నాయి. ఏడు. నడవలో మూడోసారి గుండీ ఆగింది ఈ లెక్క దగ్గరే. ఎనిమిది నుంచి అంతా తనే. ఎనిమిది. తొమ్మిది. పది. పక్కకు చూస్తే బేకరీ అమ్మాయి కనబడుతుంది. గుండీ పక్కకు చూడలేదు, ఎదురుగా హాల్లోకి చూస్తూ చేసింది. పదకొండు. పన్నెండు. భార్య వేళ్లు మళ్లీ అతని మణికట్టు మీదికి వచ్చాయి. ఈసారి ఆమె లెక్క చెప్పలేదు. పదమూడు. పద్నాలుగు. పదిహేను. పదహారు.

మిగతా తరగతులు వచ్చి వెళ్లాయి. ఏడు యాభై ఎనిమిదికి తెర పడింది. అతను కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎవరికీ చూపించలేదు.

ఎనిమిది గంటల అయిదు నిమిషాలకు గుండీ పక్క తలుపులోంచి బయటికి వచ్చింది. ఒక చెప్పు కాలికి ఉంది, ఒకటి చేతిలో ఉంది. అమ్మమ్మ బుగ్గలు పుణికి, "బంగారుకొండవే నువ్వు. మీ నాన్నకి బుద్ధి చెప్పావు," అంది. తల్లి చెప్పు తొడిగింది. గుండీ వాళ్లిద్దరినీ దాటుకుని తండ్రి దగ్గరికి వచ్చింది.

"నాన్నా, రెండు తప్పాయి."

"ఏవి?"

"నాలుగోది. పదకొండోది."

అతను జేబులోంచి కాగితం తీసి మడతలు విప్పాడు. నాలుగు పక్కన, పదకొండు పక్కన ఇంటూలు ఉన్నాయి. తక్కిన పద్నాలుగింటి పక్కన టిక్కులు ఉన్నాయి.